సగం మాట

కొత్తపేటలో ఒక డయాలిసిస్ సెంటర్. శనివారం ఉదయం. బెడ్డెక్కబోయిన అంతయ్యను ఇన్‌ఛార్జి సిస్టర్ సీతామహాలక్ష్మి ఒక కాగితంతో ఆపింది. పక్క బెడ్డు మీద పెంటమ్మ.

“సంతకం పెట్టనంటే పెట్ట, సిస్టర్. ఇంకో పది కాగితాలు తెచ్చినా గంతే.”

“పెట్టకపోతే మిషన్ ఆన్ చేయొద్దని పై నుంచి ఆర్డరు, అంతయ్యగారూ. డయాలిసిస్ అయి రెండ్రోజులైంది మీకు. కాళ్లు చూడండి, ఎలా ఉబ్బాయో.”

“ఉబ్బనియ్. జర సదువుర్రి, ఏం రాసిన్రో.”

“‘గురువారం డయాలిసిస్ మధ్యలో గుంజుతా అని అరిచి, సూదులు పీకేస్తానని స్టాఫ్‌ను బెదిరించాను. క్షమించండి...’”

“సూదులా! సూదుల మాట నేనెప్పుడన్న?”

“గుంజుతా అన్నారుగా? అందరూ విన్నారు.”

“కాలు, సిస్టర్! పిక్క గుంజుతాంది అనబోయిన. సగం మాటకే కండ్లు తిరిగినయ్.”

“గుంజడమంటే... లాగడం కదా?”

“మీ దిక్కు కాళ్లు నొస్తే ఏమంటరు?”

“నొప్పులంటాం. లేదా... పీకుతున్నాయంటాం.”

“మీరు పీకుతున్నయంటే నొప్పి, నేను గుంజుతాందంటే బెదిరింపా?”

“అంతయ్యన్నకు మిషన్ పెట్టకుంటె నేను గూడ పెట్టించుకోను, సిస్టర్. మిషన్ ఒంట్లకెల్లి నీళ్లు ఎక్కువ తీస్తెనే పిక్కలు పట్టేస్తయ్, తీసుడు ఆపుర్రి అని గా దినం మొత్తుకున్న. ఎవలిన్నరు?”

“పెంటమ్మగారూ, మీరు మధ్యలో రాకండి.”

“ఒస్త. రేపు నా పిక్క గుంజితె అంతయ్యన్నను పట్టినట్టే నన్ను గూడ బెడ్డుకు అదిమి పడ్తరా?”

“అది... సూదులు ఊడితే రక్తం పోతుందని...”

“ఎవలు పట్టిన్రు, సిస్టర్?”

“స్టాఫ్, అంతయ్యగారూ.”

“స్టాఫ్‌కు పేరుండదా? నా పేరు, నా తండ్రి పేరు రాసిన్రు గద!”

“ఇప్పుడు పేరెందుకండీ? టైమైపోతోంది, బెడ్డెక్కండి... అదే, సంతకం పెట్టి.”

“పేరు రాయుర్రి, గప్పుడు పెడ్త. కండ్లు మసకలైనయ్, మొకం కానరాలే. టెక్నీషియన్ ఉపేంద్రనా?”

“ఉపేంద్ర ఆ రోజు సెలవు.”

“మరెవలు? పెంటమ్మా, నువ్వు చూసినవా?”

“చూసిన. నేను చెప్ప. చెప్పాల్సినోళ్లే చెప్పాలె.”

“సిస్టర్... పేరు.”

“ఆ పెన్నిలా ఇవ్వండి. అంతయ్య అని ఉన్నచోట కొట్టేసి సీతామహాలక్ష్మి అని రాస్తున్నా. బెడ్డెక్కండి. మిమ్మల్ని అదిమి పట్టిందీ, మిషన్ ఆన్ చేసిందీ నేనేనని పైవాళ్లకి నేనే చెప్పుకుంటా.”