అక్కగారి అరగంట

పంతొమ్మిది వందల తొంభై నాలుగు జూన్ పదమూడో తేదీన, ఊరి రేడియో స్టేషనులో అనౌన్సరుగా చేరవలసిన ఉదయం, అక్కగారింట్లో దువ్వెన కోసం గొడవ జరిగింది.

"రేడియోలో నీ జుట్టెవరికి కనిపిస్తుందే? ముందు నాకియ్యి," అన్నారు భర్త.

"మైకుకి కనిపిస్తుంది. మీరు చేత్తో సవరించుకోండి. ఉన్నవి నాలుగే కదా," అన్నారామె.

ఆ రోజు అలా తల దువ్వుకుని వచ్చినవారే, చిన్నా పెద్దా అందరి చేతా అక్కగారనిపించుకుని, నేడు పదవీ విరమణ చేస్తున్నారు.

మొదట్లో తప్పిపోయినవారి ప్రకటనలు, రైళ్ల వేళలు చదివారు. తరువాత 'మన అరగంట' ఆమె చేతికొచ్చింది. ఊరివాళ్లు ఫోన్ చేసి తమ కష్టం తమ గొంతుతోనే చెప్పుకొనే ఈ కార్యక్రమం రోజూ పొద్దున పదకొండింటికి ఉంటుందని హామీ ఇచ్చిన మీదటే స్టేషనుకు లైసెన్సు దక్కింది. యాజమాన్యానికి అది షరతు, అక్కగారికి అది ఇచ్చిన మాట. కార్యక్రమం కాగానే నీళ్ల ఆఫీసుకో, కరెంటు ఆఫీసుకో ఫోన్ చేసి, అవతలివారు ఎంత విసుక్కున్నా వదలక, పని అయిందో లేదో మరునాడు మైకులోనే చెప్పేవారు. ఆమె గొంతు వినగానే లైన్‌మన్ చెప్పులు వెతుక్కుంటాడని ఊళ్లో నవ్వుకునేవారు.

అటువంటి మనిషిని రెండేళ్ల కిందట ప్రకటనల రికార్డింగు గదికి మార్చారు. అరగంటను కొన్నాళ్లు వేరేవాళ్లు నడిపారు. ఆపైన, ఆమె బయటి శబ్దం రాని ఆ గదిలో సబ్బుల గొప్పతనం చదువుతుండగా, ఫోన్ లైను తీసేసి పాత రికార్డింగులే తిప్పి తిప్పి వేశారు. లైను దొరకడం లేదు కాబోలని ఊరు సరిపెట్టుకుంది. తెలిసినవాళ్లు నోరు మెదపలేదు.

ఒకనాడు దర్జీగారి భార్య రొప్పుతూ స్టేషను మెట్లెక్కారు. దర్జీగారు పోయి ఏడాది దాటింది. ఆ పొద్దున రేడియోలో ఆయన, తమ సందు మలుపులో దీపం వెలగడం లేదని చెబుతున్నారు. "చూస్తాం బాబాయ్," అంటోంది అక్కగారి గొంతు.

"పోయిన మనిషికి మళ్లీ చూస్తామంటావేంటమ్మా? అప్పుడేం చూశావ్? ఆ దీపం ఇవాళ్టికీ వెలగలేదు," అన్నారావిడ.

ఆ ఫోన్ వచ్చిన మరునాడే తనను మార్చారని అక్కగారు చెప్పలేదు. నేరుగా మేనేజరుగారి గదికి వెళ్లారు.

ఆయన నవ్వారు. "గొంతులు ఊరివాళ్లవే కదండీ! లైసెన్సులో ఊరివాళ్ల గొంతులన్నారు గానీ, బతికున్నవాళ్లవని రాయలేదుగా?"

తలచుకుంటే ఈనాటికీ ఒళ్లు మండే మాట ఇది. అంతటితో ఆగారా? లైసెన్సు పునరుద్ధరణ విచారణలో, అరగంట ఏ రోజూ ఆగలేదని అక్కగారు ఒక్క మాట చెబితే ఉద్యోగం రెండేళ్లు పొడిగిస్తామన్నారు. చెప్పకపోతే స్టేషనే మూతపడవచ్చునన్నారు. "మా పొట్ట కొట్టకక్కా," అని తోటివారు బతిమాలారు. వాళ్ల భయం నిజమైనదే. ఆ భయాన్ని అడ్డం పెట్టుకుని ఒక మనిషి చేత అబద్ధమాడించబోయినవారిది మాత్రం క్షమించరాని నీచం.

విచారణ హాలులో అధికారి అడిగారు, "అరగంట రోజూ నడిచిందా?"

"నడిచిందండీ. నా పాత గొంతు నడిచింది, పోయినవాళ్ల గొంతులూ నడిచాయి. బతికున్నవాళ్లకే లైను లేదు. స్టేషన్ మూయకండి, ఫోన్ పెట్టించండి."

ఫోన్ లైను వెంటనే పెట్టాలన్న షరతుతో లైసెన్సు ఒక్క ఏడాదికే ఇచ్చారు. లైను వచ్చింది. అక్కగారికి పొడిగింపు రాలేదు. మన స్టేషను పత్రిక ఈ సంచిక మొదటి పేజీలో యాజమాన్యం ఆమె 'సహకార స్ఫూర్తి'ని కొనియాడింది. కొనియాడుకోనివ్వండి.

అక్కగారికి సంపూర్ణ ఆరోగ్యం, నిండైన ఆయుష్షు కలగాలి. ఈ కోరిక మర్యాద కోసం కాదు, ఆమెకింకా పని మిగిలి ఉంది. మొన్న ఆదివారం మధ్యాహ్నం అక్కగారింట్లో ఇంటిల్లిపాదీ భోజనానికి కూర్చున్నప్పుడు తెలిసిందది.

"ఇక దువ్వెన నాదేనా?" అన్నారు భర్త, దువ్వుకోవడానికేమీ మిగలకపోయినా.

"తీసుకోండి. పొద్దున పదకొండింటికి మాత్రం ఫోన్ ఎవరూ ముట్టుకోకండి," అన్నారు అక్కగారు, కోడలి కంచంలో కూర వడ్డిస్తూ. "రిటైరైన మర్నాడు 'మన అరగంట'లో మొదటి ఫోన్ నాదే. దర్జీ బాబాయ్ సందులో దీపం గురించి."

"చూస్తామంటారమ్మా," అన్నాడు కొడుకు.

"ఎప్పుడని అడుగుతా. వెలిగేదాకా రోజూ అడుగుతా."