రుక్మాబాయి టీచరమ్మ నాతోని సదివించిన కాగితాలు

అన్నలారా, అక్కలారా, పొద్దుగాల్ల బస్సుకే బోధన్ నుంచి ఎక్కి వచ్చిన పెద్దమనుషులారా!

కంఠేశ్వర్‌ల గీ చిన్న బడిల జాగ చాలక సగంమంది బయట నిలవడ్డరు. రుక్మాబాయి టీచరమ్మ మనల్ని విడిచిపోయి ఇయ్యాలకు పదకొండు రోజులు. నేను రాజనర్సును. కోర్టుల పాత కాగితాల గదికి గుమాస్తాను. ఆమె గురించి మాట్లాడుమన్నరు. మాట్లాడుత. కని ముందుగాల్ల ఒక మాట ఒప్పుకుంట. ఆమె మొదటిసారి వచ్చిననాడు నేను ఆమెను ఎల్లగొట్టబోయిన.

అది పంతొమ్మిది వందల అరవై రెండో సంవత్సరం. ఆడపిల్లల బడిల ఉర్దూ చెప్పి రిటైరైన మనిషి. గొడుగు చంకల వెట్టుకోని వచ్చి, వెనుకట ఆడోళ్లు కోర్టుకెక్కిన మిసిళ్లు, అంటే కేసు కాగితాలు, సూడాలె అన్నది. ఆడోళ్లు కోర్టుకెందుకొస్తరమ్మా, అసొంటివి మా దగ్గర లేవు అన్న. అన్నీ సదివినవా అని అడిగింది. అన్నీ సదివిన అన్న. అయితే గిదేందో చెప్పు అని నా బల్ల మీది ఒక కట్ట తీసి నా చేతిలవెట్టింది. నేను అద్దాలు తుడుసుకున్న. గొంతు సవరించుకున్న. శానాసేపు సూసిన. ఆమె మెల్లగ చెయ్యి చాపి, ఆ కట్టను తిప్పి మళ్ల నా చేతిల వెట్టింది. అప్పటిదాకా నేను తలకిందులుగ పట్టుకున్న!

ఏం చెయ్యాలె? పాత మిసిళ్లన్నీ ఉర్దూల. రాష్ట్రం మారినంక నౌకరిలకొచ్చిన నాకు అలిఫ్ తెల్వది, బే తెల్వది. ఆరేండ్లు కట్టల మందం సూసి బీరువాలల్ల సర్దిన. ఆమె ఈ సంగతి ఎవ్వలికీ చెప్పలె. "నువ్వు తలుపు తెరువు, నేను అక్షరాలు నేర్పుత" అన్నది. ఇద్దరు పిల్లల తండ్రిని, నాకు పలక పట్టిచ్చింది. తప్పు రాస్తే గొడుగుతోని బల్ల మీద కొట్టేది. ఆ సప్పుడుకు వరండాల సాక్షులు తమనే పిలుస్తుండ్రని లేసి నిలవడేటోళ్లు.

రెండేండ్లకు పైనుంచి ఉత్తరువు వచ్చింది. పనికిరాని పాత కాగితాలు కాలవెట్టుమని. అబద్ధమెందుకు, నేను సంబురపడ్డ. గది ఖాళీ అయితది, నా తుమ్ములు తగ్గుతయి. జాబితా రాసుడు షురూ చేసిన. టీచరమ్మ అడ్డం రాలె. ఒక్కటే మాటన్నది: "సదివి కాలవెట్టు, రాజనర్సూ."

మొదటిదే నలభయ్యో సంవత్సరం మిసిల్. బోధన్ పక్క ఊరి తిరుపతమ్మ, మొగడు చచ్చిపోయిన మనిషి. ఆమె చెరుకును మరిది నరికించి ఫ్యాక్టరీకి తోలుతుంటే, పోయి ముందటి బండి మీదికెక్కి కూసున్నది. దిగుమంటే దిగలె. రెండు దినాలు దిగలె. గంజి గూడ బండి మీదనే తాగింది. మరిది ఆమె మీదనే కేసు వెట్టిండు. నేను అక్షరం అక్షరం కూడవెట్టుకుంట, ఆమె కోర్టుల చెప్పుకున్న మాట దాకా వచ్చిన. అక్కడ ఏం సమజైతలేదు. టీచరమ్మా, గిది ఉర్దూ కాదు, రాసినోడు తప్పు రాసిండు అన్న. గట్టిగ సదువు అన్నది. గట్టిగ సదివిన.

"చెరుకు నాది. నా చెరుకు మీద నేను కూసుంటే తప్పెట్లయితది?"

అక్షరాలు ఉర్దూవి. మాట మనది! రాసేటాయనకు ఆ మాటను మార్చ చేతకాలేదో, మార్చ మనసు రాలేదో, ఆమె అన్నదన్నట్టే రాసిండు. ఇర్వై నాలుగేండ్లు కట్టల పడి ఉన్న ఆడమనిషి నా నోట్లకెల్లి మాట్లాడింది. ప్యూన్ ఎర్రన్న చాయ్ పట్టుకోని అట్లనే నిలవడ్డడు. ఇంక నేను కాలవెడుదునా? మీరైతే కాలవెడుదురా?

జాబితా పట్టుకోని మున్సిఫ్ సాబ్ దగ్గరికి పోయిన. ఆ మాట సదివి వినిపించిన. ఆయన కడుపుబ్బ నవ్విండు. నవ్వి నవ్వి, తీర్పు ఏమైంది అని అడిగిండు. చెరుకు ఆమెకే వచ్చింది సాబ్ అన్న. ఆడోళ్ల మిసిళ్లన్నీ పక్కకు తీసి దాచిపెట్టుమని రాసిచ్చిండు. టీచరమ్మ, నేను కూసోని వెతికితే నూట పద్నాలుగు తేలినయి. ఆడోళ్లు కోర్టుకు రారన్న మొనగాణ్ణి నేను!

తిరుపతమ్మ మనుమడు భీమన్న గీడనే ముందటి వరుసల ఉన్నడు. దండం భీమన్నా, కోపం చేసుకోకు. టీచరమ్మ నన్ను ఎంటవెట్టుకోని మీ ఇంటికి వచ్చిననాడు, మా ఇంటి ఆడోళ్లు ఎన్నడు గడప దాటలేదన్నవు. ఆమె కాగితం సదివింది. నువ్వు మా ఇద్దరిని గడప దాటించినవు! ఎనిమిది దినాలకు నువ్వే కోర్టుకొచ్చి, తల వంచుకోని నకలు అడిగినవు. ఇప్పుడేమో మా అవ్వ బండి మీద మూడు దినాలు కూసున్నదని ఊరంత చెప్తున్నవట. కాగితంల రెండే ఉన్నయి, అన్నా.

పోయిన నెల దవాఖానకు పోయి టీచరమ్మను సూసిన. నాకు దుఃఖం ఆగలె. ఆమెకు ఏడుపులతోని పనిలేదు. "నూట పద్నాలుగు మందిల ఎనభై మందికి పేరు లేదు, రాజనర్సూ. ఫలానాయన పెండ్లాం అని రాసి ఊకున్నరు. ఊర్లల్ల అడిగి రాయి" అన్నది. నాతోని ఆమె మాట్లాడిన ఆఖరు మాట అదే. ఇప్పటికి పద్నాలుగు పేర్లు దొరికినయి. ఇంక అరవై ఆరు.

అక్కలారా, అన్నలారా, ఇగ లేవుండ్రి. రెండు నిమిషాలు నిలవడుదాం. ఆ రెండు నిమిషాలు, మీ నాయినను కన్నతల్లి పేరు మనసుల తలుసుకోండ్రి. అవ్వ అని కాదు, ఆమె సొంత పేరు. యాదికి రానోళ్లు సిగ్గుపడకుండ్రి. నాకు గూడ నిన్న మా అమ్మను అడిగితేనే తెలిసింది. మల్లవ్వ అట.