కొట్టని బెల్లు

ఫ్రాన్స్‌లోని బ్రెటనీలో ఒక చిన్న ఊరి బాస్కెట్‌బాల్ క్లబ్బుకు యాభై ఏళ్లు నిండాయి. సంబరం ముగిశాక ఇద్దరు పాత మిత్రులు హాలు మెట్ల మీద మిగిలారు. ఒకాయన అప్పట్లో మ్యాచుల్లో గడియారం చూసి, టైమ్ అయిపోగానే బెల్లు కొట్టేవాడు.

"క్లబ్బు చరిత్ర పుస్తకంలో మొదటి ఫొటో నీదేరా. ఫైనల్లో ఆ చివరి బాస్కెట్!"

"దాంతోనేగా ప్రొఫెషనల్ లీగులోకి ఎక్కాం."

"అప్పటికే టైమ్ అయిపోయిందిరా. నేనే బెల్లు కొట్టలేదు."

"తెలుసు."

"తెలుసా?"

"నీ చెయ్యి కదల్లేదని చూశాకే తాపీగా వేశాను."

బెల్లు కొట్టాల్సినాయన మిత్రుడి వైపు తిరిగాడు. ఇన్నేళ్లూ ఆ తప్పు తనొక్కడిదే అనుకున్నాడు.

"అయితే రేపు ఇద్దరం వెళ్లి కొరాంతెన్‌కి చెప్పేద్దాం. ఓడిన జట్టు కెప్టెన్ వాడేగా."

"పోయిన నెల వెళ్లానురా. అప్పటికి వాడు పోయి వారమైందట."

"మరి వాళ్లావిడకి చెప్పావా?"

"కాఫీ ఇచ్చింది. తాగి వచ్చేశాను."