ముక్కు మూసుకుని ఒక గుటక

(వైన్ తయారుచేసేచోట రుచి చూసే గది. బల్లకి అటు బాబాయ్, ఇటు అన్న కూతురు. బాబాయ్ వీపు వెనక చిన్న పొయ్యి మీద కాఫీ.)

"ఉమ్మేశారేంటి బాబాయ్?"

"మింగబుద్ధి కావద్దూ? నోరంతా ఎండగట్టేసింది. ఆరు పీపాలూ ఇంతేనా?"

"ఆరింట్లోనూ ఒకటే వైన్."

"అయితే ఆరూ దండగే. పన్నెండింటికి వెనిగర్ కంపెనీ లారీ వస్తోంది, ఎక్కించేద్దాం. ఆ కాగితం ఇటివ్వు, సంతకం పెడతా."

"ఆగండి. నేను సొంతంగా చేసిన మొదటి వైన్ అది. తప్పేంటో చెప్పి అప్పుడు పెట్టండి."

"తప్పేంటా? తీపేదీ? మన రెడ్ వైన్ నోట్లో పోసుకుంటే పండు కొరికినట్టుండాలి. ఇదీ ఉంది, కషాయం. ఈస్ట్‌ని పీపాల్లోకి వదిలేసి నువ్వు హాయిగా నిద్రపోయినట్టున్నావు. అది చక్కెరంతా నాకేసింది."

"ప్రతి ఏడూ నాకేస్తుంది కదా. లీటరుకి ఒక్క గ్రాము మిగిలింది. పోయినేడూ అంతే. చక్కెర మిగలకపోతేనే కదా డ్రై వైన్."

"డ్రై అంటే ఏంటో నువ్వు నాకు చెప్తున్నావా? నేనీ కుర్చీలో కూర్చునేనాటికి నువ్వింకా పుట్టలేదు."

"మీరు చెప్పిందే చెప్తున్నా. నేను చేరిన రోజు ఏమన్నారు? చక్కెర లేకపోయినా పండు వాసన తగిలితే నాలుక తీపనుకుంటుంది, దాని మాట నమ్మకు, ముక్కు మూసుకుని ఒక గుటక, వదిలేసి ఒక గుటక తాగు, అప్పుడు తేలుతుంది అన్నారు."

"అబ్బో, పాఠం బాగానే అప్పజెప్తున్నావు. చెయ్యడమే రాదు. కాఫీ ఏదీ? అసలు పొయ్యి వెలిగించావా?"

"వెలిగించా. ఒక్కసారి ముక్కు మూసుకుని తాగండి."

"నాకు పరీక్ష పెడుతున్నావా?"

"సంతకానికి ముందు ఒక్క గుటక. అంతే."

"సరే, ఇదిగో, మూశా. పులుపు. వగరు."

"ఇప్పుడు వదిలేసి."

"పులుపు. వగరు. చూశావా? ఇసుమంత తేడా లేదు. అంటే ఏంటి? నీ వైన్‌కి వాసనే లేదు. దీనికంటే కుళాయి నీళ్లు నయం."

"అస్సలు తేడా లేదా?"

"ఎన్నిసార్లు చెప్పించుకుంటావు? అయినా నిన్నని ఏం లాభం, ఈ మధ్య ఎవరికీ దేనిమీదా శ్రద్ధ లేదు. మీ పిన్నినే చూడు. చలికాలం నుంచీ ఆవిడ వంట గడ్డి తిన్నట్టుంటోంది. నిన్న కంచం నెట్టేసి లేచొచ్చా."

"తెలుసు. ఫోన్ చేసి ఏడ్చింది."

"ఏడవక ఏం చేస్తుంది? ముప్పై ఏళ్లు వండిన చెయ్యి, పాడుచేసుకుంది."

"ఇంకోటి కూడా చెప్పింది. మొన్న పాలు మాడిపోతుంటే మీరు పక్కనే కూర్చుని పేపర్ చదువుకుంటున్నారట."

"పొయ్యి కాపలా కూడా నేనే కాయాలా?"

"చలికాలంలో మీకు జ్వరం ఎన్నాళ్లొచ్చింది?"

"పది రోజులు. దానికీ దీనికీ సంబంధం ఏంటి? కాఫీ ఇస్తావా, ఇవ్వవా?"

"ఇవ్వలేను. మాడిపోయింది."

"ఎప్పుడు?"

"ఇందాకే. మీ వీపు వెనకాలే. గది నిండా కంపు, నాకు ఊపిరాడట్లేదు. కావాలనే పొయ్యి కట్టెయ్యలేదు."

"ఆ గ్లాసు ఇటివ్వు. ఇంకోసారి చూస్తా."

"వద్దులెండి."

"ఇవ్వమన్నానా."

"తేడా ఉందా?"

"ఆ పొయ్యి కట్టేసి కిటికీ తియ్యి. లారీవాడికి ఫోన్ చేసి రావద్దను. కాగితం చింపెయ్యి."

"సరే. మరి మీరు..."

"ఇంకో ఫోన్ కూడా నువ్వే చెయ్యాలి. మీ పిన్నికి. చలికాలం నుంచీ తన వంటలో ఏ తప్పూ లేదని చెప్పు. నా నోటితో నేను చెప్పలేను."