ఎదగని కుక్కపిల్లకు ఇచ్చిన మాట

1991 జూన్ మూడో తేదీన, పశువైద్యశాల వెనుక వైపు, కిటికీ తలుపు సరిగా మూతపడని రక్తపరీక్షల గదిలో మా మేడమ్ గారు విధులలో చేరారు. శునకాల పీయూష గ్రంథి, థైరాయిడ్ గ్రంథి సక్రమంగా పనిచేస్తున్నాయో లేదో తేల్చడమే నాటి నుండి నేటి వరకు వారి వృత్తి.

తొలి సంవత్సరాలలోనే వారికి ‘మళ్ళీ తీయండి మేడమ్’ అన్న పేరు స్థిరపడింది. వేరే జబ్బుతో నీరసించిన కుక్కకూ, దురదకు మందు వాడుతున్న కుక్కకూ కూడా థైరాయిడ్ తక్కువగా కనబడవచ్చు గనుక, ఒక్క ఫలితాన్ని నమ్మి ఒక మూగజీవి చేత జీవితాంతం మాత్రలు మింగించడానికి వారి మనస్సాక్షి అంగీకరించేది కాదు. రక్తం మళ్ళీ తీయమన్నప్పుడల్లా వైద్యులు విసుక్కునేవారు, కుక్కలు గుర్రుమనేవి. ఉభయులనూ భరించి భరించి, విభాగాధిపతి అయ్యేనాటికి వారు పూర్తిగా అలసిపోయారు. ముందుగానే విరమించాలని నిశ్చయించుకుని, ఇంట్లో భర్తగారికి చెప్పేశారు కూడా.

ఆ వారంలోనే ఒక దర్జీ, రెండేళ్ళు నిండినా పిల్లగానే మిగిలిపోయిన షెపర్డ్ జాతి కుక్కను చంకనెత్తుకుని వచ్చారు. పీయూష గ్రంథిని ప్రేరేపించే ఇంజెక్షన్ ఇచ్చి, ముందూ వెనుకా రక్తం తీసి చూస్తే, ఎదుగుదలకు కావలసిన హార్మోనూ, థైరాయిడ్‌ను నడిపించే హార్మోనూ రెండూ ఉలకలేదు, పలకలేదు. మరోసారి తీసినా అంతే.

“ఇది ఇంక ఎదగదు,” అన్నారు మేడమ్ గారు.

“పోనీలెండమ్మా, మా ఇల్లూ చిన్నదే. బతుకుతుందా?”

“మాత్రలు వేస్తే హుషారుగా ఉంటుంది. ఎక్కువ కాలం ఉంటుందని మాత్రం చెప్పలేను.”

దర్జీ చాలాసేపు కుక్క చెవులు నిమిరారు. “మళ్ళీ రక్తం తీయించడానికి రావాలి కదా. అప్పుడు మీరే ఉంటారా? వేరేవాళ్ళు ముట్టుకుంటే వణికిపోతుంది.”

“ఉంటాను,” అన్నారు మేడమ్ గారు.

“మానేస్తానన్నావుగా,” అని ఆ సాయంత్రం భర్తగారు అడిగితే, “కుక్కకి మాటిచ్చానండీ, ఏం చెయ్యను,” అన్నారట.

ఆ కుక్క మరో నాలుగేళ్ళు బతికింది. చివరిసారి దర్జీ ఒక్కరే వచ్చి, మిగిలిన మాత్రలు బల్ల మీద పెట్టి, “ఎవరికైనా పనికొస్తాయి” అని వెళ్ళిపోయారు. ఇప్పుడైనా మేడమ్ గారు సెలవు తీసుకుంటారనుకున్నాం. కాని బయట బెంచీ మీద మరో కుక్క, మరో యజమాని, అదే ప్రశ్న. “ఉంటాను” అంటూనే ఏళ్ళు గడిచాయి. మోకాళ్ళు అరిగాయి, కళ్ళు మసకబారాయి, ఆ మాట చెప్పే గొంతులో ఓపిక సన్నగిల్లింది.

గత వారం కూడా ఒకావిడ అదే అడిగింది. మేడమ్ గారు నోరు తెరిచేలోపే, పక్కనే ఉన్న సహాయకురాలు, “మేముంటాంలేమ్మా,” అంది. మేడమ్ గారు ఆమె వంక చూసి, చేతి తొడుగులు విప్పి, కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు.

ఇన్నేళ్ళలో వారు అలా కూర్చోగా మేమెన్నడూ చూడలేదు. సంపూర్ణ ఆయురారోగ్యాలతో, కుటుంబ సభ్యుల నడుమ, ఎవరికీ ఏ మాటా ఇవ్వనక్కరలేని తీరికలో, నేడు పదవీ విరమణ చేస్తున్న వారు చిరకాలం అలాగే కూర్చుని ఉండాలని మనసారా ఆకాంక్షిస్తున్నాం.