కుప్పంలో నేను కట్టిన గోడ

ఏమప్పా, సముద్రం జూసేదానికి పోతాండారంట? పోండి, పోండి. నన్ను మాత్రం పిలవొద్దు. మా శాంతయ్య ఉండంగా జూసినా, వాడు పొయినంక ఇంగొక్క తూరి జూసినా, చాలు. యా శాంతయ్యా? మా చెల్లెలు జ్ఞానాంబ మొగుడప్పా. పూతలపట్టోడే. బడిలో గంట కొట్టే పని. పెండ్లి మాటలప్పుడు "పని యాడ నాయనా?" అని మా నాయన అడిగితే, "కుప్పంలో మామా" అన్న్యాడు. కుప్పమంటే మనకేం దూరం? పాకాలలో రైలెక్కి కాట్పాడిలో మారితే మాపిటికి పోవచ్చు. మా నాయన సంతోషంగా సరే అనేసినాడు. తీరా జూస్తే యాడో గూడూరవతల, సముద్రమొడ్డున, చాపలు పట్టేవాళ్ల పల్లె! ఆ పక్క అట్లాంటి పల్లెలన్నిట్నీ కుప్పమనే అంటారంట. "నేను అబద్ధమాడలేదు బావా, మీరే యా కుప్పమని అడగలేదు" అని నవ్వినాడు. ఆ నవ్వు ఈ పొద్దుకీ మరవలేదు. మరిచే రకం కాదు నేను.

ఆఁ, డెబ్బై ఆరులో, కార్తీకంలో, తుపాను కొట్టింది. పరిగెత్తిపొయినా. ఇల్లయితే నిలిచుండాది గానీ, ఇంటి ముందర రెండెడ్ల బండి తిప్పేంత ఇసక ఉండేది, అదంతా కత్తితో కోసినట్టు తెగిపోయి, మనిషెత్తు ఇసక గెడ్డ నిట్టనిలువుగా నిలిచింది. గడపకు ఇరవై అడుగుల్లో నీళ్లు. చెల్లెలు చూస్తే నిండు కడుపుతో ఉండాది. వీడేమో తాపీగా, "సముద్రం ఇసకని మింగేయలేదు బావా. కొంచిం దూరం తీస్కపోయి నీళ్ల కింద గట్టు మాదిరి పోసుకోనుండాది. పెద్దలలు ఆ గట్టు మిందనే యిరిగిపోతాయి. ఎండలు రానీ, సన్నలలు దోసిలి దోసిలిగా తెచ్చి పోస్తాయి" అంటాడు. ఊళ్లో ముసిలోళ్లు చెప్పినారంట. "ఇసకకు దావ తెలుసునారా, తిరిగొచ్చేదానికి?" అని కసిరినా. నేను మేస్త్రిని. తుపానుకు కూలిన పాత బంగళా రాళ్లు తెచ్చి పన్నెండు దినాలు గోడ కట్టినా. ఉప్పునీళ్లకు చేతులు పగిలిపొయినాయి. రాయికీ రాయికీ నడుమ గోరు దూరదు, ఆ మాదిరి కట్టినా. ఈ కాలం మేస్త్రీలను కట్టమను జూస్తాం! మన వీధి చివర గోడ జూడు, ఎవురు కట్టినారో గానీ... సరే, అది వదిలేయ్.

రెండు నెలలకు మళ్లా పొయినా. శాంతయ్య గడ్డపార పట్టుకోని నా గోడ పెరకతా ఉండాడు! సగం అప్పుటికే పొయింది. "అల గోడకు గుద్దుకోని యెనక్కి మళ్లతా, దాని కాలికిందే తవ్వతాంది బావా. పక్కిండ్లకు అప్పుడే కొంచిం కొంచిం ఇసక వస్తాండాది, మనకే రాలేదు" అని గుంత చూపించినాడు. మోకాలి లోతు గుంత. ఉండింది, లేదనను. అయితే మాత్రం? నా చేత్తో పెట్టిన రాయిని నన్నడక్కుండా పెరకతాడా? "ఇసక వచ్చినా నేను రాన్రా" అనేసినా. "అన్నా, ఒక ముద్ద తినిపో" అని జ్ఞానాంబ చంటిబిడ్డనెత్తుకోని యెనకాల్నే వచ్చింది. తినలేదు.

ఎండాకాలంలో కార్డొచ్చింది. నాకు చదువు అంతంత మాత్రం గదా, ఇంగొకరితో చదివిస్తే నాకు నామోషీ అని వాడికి తెలుసు. పలక మింద రాసినట్టు ఇంతింత అక్షరాలు రాసినాడు. "బావా, ఇసక వచ్చేసింది. రా." కూడబలుక్కోని నేనే చదివినా. పోలేదు. తప్పు వాడిదైతే వాడు గదా రావాల? మరుసటేడు కూడా కార్డొచ్చింది. అదే మాట. అట్లా మూడు.

నాలుగో యేడు తంతి వచ్చింది. కామెర్లంట. నేను పోయే లోపల మట్టిచ్చేసినారు. ఇంటి ముందర జూస్తే, మునపటికంటే ఎక్కువుండాది ఇసక, అడుగేస్తే కాలు దిగబడతాది. తాటిచెట్టు కింద నా రాళ్లప్పా. అన్నీ. ఒక్కటీ పారేయలేదు. నేను యా వరసన పెట్టినానో ఆ వరసనే, అరుగు మాదిరి పేర్చినాడు. "మా బావకు మోకాళ్ల నొప్పి, ఇసకలో కూసోలేడు" అన్న్యాడంట. అన్నేండ్లూ దాని మింద బిడ్డను కూడా ఎక్కనీలేదంట. జ్ఞానాంబ చెప్పింది. ఒక రాయి కొంచిం పక్కకు ఒరిగుండింది, సరిజేసినా.

ఏమి? దాని మింద కూసున్న్యానా అంటావా?

...మీ బస్సు ఎన్నింటికప్పా?