సంతలో ఒట్టి చేతులు

ఏమే ఐస్తె, నా మనవరాలా, కళ్ళు అలా ఉబ్బాయేం? ఓ, ఆ సినిమా చూసొచ్చావా. నేనూ చూశాన్లే మొన్న ఆదివారం. చివర్లో ఆ తల్లి సంత మధ్యలో కొడుకు శవం మీద పడి గుండెలు బాదుకుంటుంది, వెనకాల వయొలిన్లు, హాలంతా ముక్కు చీదుళ్ళు. నాకైతే ఒళ్ళు మండింది. తీసినవాడికి ఇంట్లో ముసలాళ్ళే లేరా అడగడానికి? అప్పట్లో రష్యావాళ్ళు శవాన్ని అక్కడ పడేసేదే ఎవరేడుస్తారో చూడ్డానికి. ఏడ్చావో, చంటిపిల్లలతో సహా ఇల్లంతా సైబీరియా రైలెక్కాల్సిందే.

మా అన్న జిగ్మాస్, యుద్ధమయ్యాక కూడా, మన దేశాన్ని ఆక్రమించుకున్న రష్యావాళ్ళకి తుపాకి అప్పగించకుండా ఐదేళ్ళు అడవిలోనే ఉన్నాడు. యాభయ్యో సంవత్సరం ఫిబ్రవరి, సంతరోజు. మిలీషియా ఆఫీసు, అదే పోలీసు ఠాణా, దాని ముందు రాళ్ళమీద వాడి శవాన్ని పడేశారు. ముఖం లేదు. దొరికిపోయేముందు గ్రెనేడు మొహం దగ్గర పెట్టి పేల్చుకునేవాళ్ళు, ఇంటివాళ్ళ ఆనవాలు తెలియకూడదని. అంత ఆలోచించినవాడు, వెధవ, మిగిలిన ఆ ఒక్క చేతికీ నేనల్లిన తొడుగు వేసుకునున్నాడు. వాణ్ణనడం దేనికి, బుద్ధిలేనిది నాకు. పధ్నాలుగేళ్ళదాన్ని, అన్నకి చలేస్తుందని అల్లి పంపా, మనింటి పువ్వే వేసి. ఇంకో పువ్వు వెయ్యొచ్చని తట్టనేలేదు. అప్పట్లో ఇంటికో పువ్వు, చేతులు చూసి ఎవరింటి మనిషో చెప్పేవాళ్ళు. అమ్మ చేతులకీ అదే, నా చేతులకీ అదే.

ఆ రోజు అమ్మా నేనూ జున్నమ్మడానికి సంతలోనే ఉన్నాం. అమ్మ చూసింది. జున్నుగడ్డలు పరుస్తూనే తొడుగులు తీసి బుట్ట అడుగున తోసేసింది, నావీ లాగేసింది. వెళ్ళిపోదామమ్మా అంటే, "సరుకమ్మకుండా ఎవరెళ్తారే? నిలబడు," అంది. ఎముకలు కొరికే చలి. పక్కన గుడ్లమ్మే ఎవ్‌ఫ్రోజినా ఓసారి శవం చేతికేసి చూసింది, ఓసారి మావైపు చూసింది. చూసి తనవీ తీసేసింది. ఆ పక్కావిడా అంతే. కాసేపటికి ఆ వరసలో ఒక్క ఆడదాని చేతికీ తొడుగు లేదు.

రష్యా ఆఫీసరుకేం తెలుసు, వాడు ముఖాలే చూస్తున్నాడు. వాడి పక్కన తిరిగే బూచిస్ ఉన్నాడే, పక్కూరివాడే, వాళ్ళమ్మా అల్లేదే. వాడొచ్చి, "ఏంటి దొమిత్సెలె అత్తా, ఇంత చలిలో ఒట్టి చేతులేంటి?" అన్నాడు. మా అమ్మ తలెత్తి, "జున్నులో ఊలు పడితే నువ్వు తింటావురా? తింటానంటే చెప్పు, మీ అమ్మని పిలిచి నీ ఎదురుగానే కలుపుతా," అంది. ఆడవాళ్ళంతా పగలబడి నవ్వారు. అన్న అక్కడ పడున్నాడు, అమ్మా నవ్వింది. నేనూ నవ్వానే. వాడు మొహం ఎర్రగా చేసుకుని పోయాడు. తెలిసే పోయాడో, ఏమో.

మధ్యాహ్నం దాకా అమ్మాం. దారిలో నాకు ఏడుపొస్తే చెంప పగిలేలా కొట్టింది. ఇంటికొచ్చి ఆవుకి నీళ్ళు పెట్టింది, ఇంట్లో ఉన్న తొడుగులన్నిటి అల్లికా విప్పేసి ఊలు ఉండలు చుట్టింది. సంతలో ఆ చలికి అమ్మ వేళ్ళు రెండు మొద్దుబారిపోయాయి, చచ్చేదాకా సూది పట్టుకోలేకపోయింది. ఏడుస్తుందని చూశా. ఆ రోజూ లేదు, ఆ ఏడాదీ లేదు. అన్ననెక్కడ పూడ్చారో ఇప్పటికీ తెలీదు.

ఏంటీ? నీ పెళ్ళికి మనింటి పువ్వుతో తొడుగులా? నేను చెప్పకముందే ఎవరు చెప్పారే నీకు, మనింటికో పువ్వుందని? మీ అమ్మా? డెబ్భయ్యేళ్ళయింది నేనది వేసి. మర్చిపోతే బావుండు.

ఊలు తెచ్చావా మరి? ఏదీ, చెయ్యి ఇటు పెట్టు, కొలత చూడాలి.